పచ్చగానే ఉంది

ఆసుపత్రి వరండాలో తల్లి తన ఫోను బెంచీ మీద కూర్చున్న కూతురి మొహం ముందు పెట్టింది.

"చూడవే! వేలికి ఆక్సిజన్ కొలిచే క్లిప్పు ఉండగానే మీ నాన్న ఊపిరందక పడిపోయారు. నీ యాప్ మాత్రం పచ్చగానే ఉంది."

ఆ యాప్‌కు రంగులద్దింది కూతురే.

"ఎర్రగా చూపిస్తే జనం హడలిపోయి యాప్ తీసేస్తున్నారమ్మా. అంకె బాగా పడిపోతే తప్ప పచ్చగానే ఉంచమన్నారు."

తల్లి ఫోను దించింది. "ఆయాసమని ఆయన పొద్దుట్నించీ మొత్తుకున్నారే. 'మీ కూతురి యాప్ కన్నా మీకెక్కువ తెలుసా, నోరు మూసుకు పడుకోండి' అని నేనే కసిరాను. ఎవరే ఉంచమన్నది?"

"మావాళ్లు." కంపెనీ పేరు కూడా చెప్పకుండా అలవాటుగా అనేసింది కూతురు.

తల్లి ఆ ఫోను ఆమె ఒళ్లో పడేసింది.

"వాళ్లు నీవాళ్లా? మరి మేమెవరమే?"