అన్నిటికీ అయిదు

ఆ పొద్దున ఆకాశం ఉరిమి ఉరిమి, ఒక్క చినుకైనా రాల్చకుండా ఊరుకుంది.

ఆసుపత్రి హాల్లో బస్సు డ్రైవరు చేతిలో కాగితం పెట్టారు. చదవకుండానే ఏడు ప్రశ్నలకూ అయిదు చుట్టేశాడు.

"అన్నిటికీ అయిదేనా! ఏం తమ్ముడూ, నిన్నగాక మొన్న పెళ్ళయిందా?"

పక్కన కూర్చున్న ముసలాయన అన్నాడు. ఎవరి కాగితంలోకైనా తొంగిచూస్తాడని అక్కడ ఆయనకు పంచాయితీ అని పేరు.

బెంచీ మీదివాళ్ళు కిసుక్కున నవ్వారు. డ్రైవరు చెవులు వేడెక్కాయి.

మూడు నెలల కిందట అతని ప్రోస్టేట్ గ్రంథిలో క్యాన్సర్ బయటపడింది. పెద్ద కోత లేకుండా సన్నటి సూదులు గుచ్చి, చెడ్డ ముక్కను మాత్రం గడ్డకట్టించి చంపేశారు. రోగం సద్దుమణిగింది. మగతనం మాత్రం మాట వినడం లేదు.

కాగితంలో అడిగిందంతా దాని గురించే. అయిదంటే ఏ లోటూ లేదని. సున్నా అంటే బొత్తిగా లేదని.

"నా సంసారం సంగతి నీకెందుకయ్యా?"

"నువ్వు బాగుందని రాస్తే డాక్టరు బాగుందనే అనుకుంటాడు. మందూ మాకూ లేకుండా ఇంటికి పంపేస్తాడు. క్యాన్సర్‌కే జడవనివాడివి, కాగితానికి జడుస్తావేం?"

"నోరు మూసుకో పెద్దాయనా!"

డ్రైవరు విసురుగా వరండాలోకి వచ్చాడు. భార్య సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది.

మూడు నెలలుగా అతను దగ్గు వంకతో ముందుగదిలో పడుకుంటున్నాడు. ఇవాళ బయల్దేరేముందు ఆమె ఒక్కటే అడిగింది.

"నామీద మనసు విరిగిందా?"

అతను చెప్పులేసుకుని గడప దాటాడు.

ఇప్పుడు ఆమె మొహం చూశాడు. గిరుక్కున వెనక్కి తిరిగాడు.

"సిస్టర్, ఇంకో కాగితం ఇవ్వండి."

"ఇందాక ఇచ్చానుగా?"

"అది పాడైంది."

ఈసారి చదివి రాశాడు. ఒకటి. సున్నా. ఒకటి. సున్నా. సున్నా. మిగతా రెండూ అంతే.

డాక్టరు చూసి నవ్వాడు.

"ఈ వారం వచ్చినవాళ్ళంతా కొత్త పెళ్ళికొడుకులే. ఇప్పటికి ఒక రోగి దొరికాడు! నరాలు తెగలేదు, మొద్దుబారాయి. చాలామందికి మెల్లగా తేరుకుంటాయి. మాత్రలిస్తాను. ఇంటావిడ వచ్చారా? పిలవండి."

ఆమె అంతా విన్నది. భర్త జబ్బ మీద ఒక్కటి చరిచింది.

"ఇదా నీ దగ్గు!"

కళ్ళనిండా నీళ్ళు, నోటినిండా నవ్వు.

ఆ రోజే పక్క లోపలికి వచ్చింది. మూడో నెలకు ఆశ పుట్టింది. ఆరో నెలలో ఒక ఆదివారం, బారెడు పొద్దెక్కినా ఆ ఇంటి తలుపు తెరుచుకోలేదు.

"దగ్గెలా ఉందయ్యా?" అంది ఆమె.

"ఏ దగ్గు?"

ఆ వారమంతా డ్రైవరు ఈలలకు తన చెవులు చిల్లులు పడ్డాయని కండక్టరు ఊరంతా చెప్పాడు.

డ్రైవరుకు ఆ పంచాయితీ ముసలాయనతో ఒక మాట చెప్పాలనిపించింది. భార్యను వెంటబెట్టుకుని ఆసుపత్రికి వెళితే బెంచీ ఖాళీ.

"ఆయన పోయి నెలయింది," అంది సిస్టర్. ఇల్లెక్కడో చెప్పింది.

తలుపు తీసిన పెద్దావిడ ఇద్దర్నీ ఎగాదిగా చూసింది.

"జంటగా వచ్చారంటే బాగుపడ్డట్టే. మీరు నలభైమూడో జంట. చేతులు కడుక్కోండి, అన్నం తిందురుగాని."

డ్రైవరు తల దించుకున్నాడు. "ఆయన్ని నోరు మూసుకోమన్నానమ్మా."

"అననివాళ్ళెవరు బాబూ? ముందొచ్చిన నలభైరెండుమందీ అన్నారు."

"ఆయనకూ ఇదే వైద్యమా?"

"అప్పట్లో ఈ సూదులెక్కడివి! ఇరవై ఏళ్ళ కిందట గ్రంథి మొత్తం తీసేశారు. అయినా ఆఖరి తొమ్మిదేళ్ళూ మేం కొత్త కాపురం చేశాం."

"ఆఖరి తొమ్మిదేళ్ళేనా?"

వడ్డిస్తూనే ఆమె రెండు ముక్కల్లో చెప్పింది.

ముగ్గురూ కలిసి కూర్చుని తిన్నారు. డాక్టరు అడిగినప్పుడల్లా బాగుందని చెప్పి, పదకొండేళ్ళు భార్యకు ఎడంగా పడుకున్న మనిషి ఇంటి అన్నం అది.