గాలికి కట్టిన పేరు

“సరిచేసి రాసేదా, నువ్వు సెప్పినట్టే రాసేదా అప్పా?” కుంచె ఎత్తి పట్టుకుని అడిగాడు సత్యానందం. ఆ వైపు అక్కను అప్ప అంటారు.

“నాను సెప్పినట్టే రాయి బాబూ. సదివేవోళ్ళు మనోళ్ళే కదా,” అంది జగ్గమ్మ.

నీలం గుడ్డ మీద ‘కోపమొచ్చిన పూట నోరు మూసుకో’ అని రాశాడు. తెల్లదాని మీద ‘ఎదుటోడు తిన్నాడో లేదో అడుగు’ అని రాశాడు. ఎర్రదాని మీద ‘తప్పు సేస్తే ఒప్పేసుకో’ అని రాస్తుంటే అక్షరం కాస్త చెదిరింది. చలికి వేళ్ళు వంగడం లేదని నవ్వాడు.

సాలూరులో లారీల మీద నంబర్లు, పేర్లు రాసే పెయింటర్లు నలుగురైదుగురు ఉన్నారు. ఇద్దరు జగ్గమ్మ ఉండే వీధిలోనే ఉంటారు. అయినా ఆ యేడు, అరవై ఎనిమిదిలో, దసరా వెళ్ళాక ఆమె ఊరి అవతలి చివర, మిషను చర్చి వెనక ఉండే సత్యానందాన్ని వెతుక్కుంటూ వెళ్ళింది. అతని దస్తూరీ బాగుంటుందని ఎవరో చెప్పారంది. అతనూ ఒకప్పుడు లారీ నడిపినవాడే. చూపు ఆనడం లేదని స్టీరింగు వదిలి కుంచె పట్టాడు.

జగ్గమ్మ భర్త దాలయ్య లారీలకు టార్పాలిన్లు కుట్టేవాడు. మూడేళ్ళ కిందట సైకిలు మీద పాచిపెంట వెళ్తుంటే ఘాటీ రోడ్డు మొదట్లో, కొండ ఎక్కే మలుపు దగ్గర ఒక లారీ గుద్ది, ఆగకుండా వెళ్ళిపోయింది. వెంటనే ఆసుపత్రికి చేర్చి ఉంటే బతికేవాడని డాక్టరు అన్నాడు. మరిది జగన్నాధం ఆరు నెలలపాటు షెడ్లన్నీ తిరిగినా ఆ లారీ ఏదో తేలలేదు. భర్త పని జగ్గమ్మ అందుకుంది. టార్పాలిను కొలతకు లారీ వచ్చినప్పుడల్లా ముందుకు వెళ్ళి బంపరు కేసి చాలాసేపు చూసేది. చూడడమే తప్ప ఎవరినీ ఏమీ అడిగేది కాదు.

కిందటి చలికాలంలో, మహేంద్రగిరి అవతల కాపురాలు పెట్టుకున్న టిబెట్టువాళ్ళు స్వెట్టర్లు అమ్ముకోవడానికి ఊళ్ళోకి వచ్చారు. వాళ్ళలో పేమా అనే ముసలామెకు జ్వరం వస్తే జగ్గమ్మ తన అరుగు మీద పడుకోబెట్టి తొమ్మిది రోజులు గంజి తాగించింది. ఇద్దరికీ కలిసిన భాష వచ్చీరాని ఒడియా. లేచి కూర్చున్నాక పేమా ఆమెకు తమవాళ్ళు తాడుకు గుచ్చి గాలిలో కట్టే ప్రార్థన జెండాలు కుట్టడం నేర్పింది. నీలం ఆకాశం, తెలుపు గాలి, ఎరుపు నిప్పు, ఆకుపచ్చ నీరు, పసుపు నేల. ఆ వరస తప్పకూడదు. వాటి మీద బుద్ధుడి మంచిమాటలు రాస్తారు. అవి మనకేదో కావాలని కట్టేవి కావనీ, ఆ గాలి తగిలిన వాళ్ళందరికీ మంచి జరగాలని కట్టేవనీ చెప్పింది.

చెడ్డవాళ్ళకు కూడా తగులుతుందా అని జగ్గమ్మ అడిగింది. గాలి ఎవరినీ అడిగి వీయదు కదా అంది పేమా.

ఆ మాట జగ్గమ్మకు నెలల తరబడి మింగుడుపడలేదు. చివరికి గుడ్డముక్కలకు రంగులద్దింది. మాటలు మాత్రం తనకు తోచినవే, రోజూ బతకడానికి పనికొచ్చేవే చెప్పి, సత్యానందాన్ని రోజూ తన ఇంటికి పిలిచి రాయించింది. డ్రైవర్లు అడిగి పట్టుకెళ్ళి లారీలకు కట్టుకున్నారు.

గొడవ అక్కడే మొదలైంది. అన్యదేవతల జెండాలు రాస్తున్నాడని పాస్టరు సత్యానందాన్ని పిలిచి మందలించాడు. క్రైస్తవుడికి రోజూ మనింట్లో ఏం పనని జగన్నాధం వదినతో తగువు పడ్డాడు. సత్యానందం ఒక వారం రావడం మానేశాడు. అతని భార్య కాంతం కనబడి, ఆయన తిండీ నిద్రా మానేశాడని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. జగ్గమ్మ వెళ్ళి, ఇంకొక్క రోజు రమ్మని అతన్ని అడిగింది.

అది దాలయ్య పోయి మూడేళ్ళు నిండే రోజు. ఘాటీ మలుపులో రెండు ఇప్పచెట్ల మధ్య ఇద్దరూ కలిసి జెండాల తాడు కట్టారు. కట్టాక జగ్గమ్మ రవిక చాటు నుంచి ఏమీ రాయని తెల్లగుడ్డ ఒకటి తీసింది.

“దీని మీద పేరొకటి రాయాల.”

అతను దాన్ని రాతి మీద పరిచి ‘దా’ అని రాశాడు.

“ఆయన పేరు కాదు. గుద్దినోడి పేరు రాయి,” అంది.

కుంచె ఆగింది. “ఆడెవుడో తెలీదు కదప్పా.”

“తెలుసు. ఆ లారీ కిలీనరు ఆసుపత్రిలో సచ్చిపోతా నాకు కబురెట్టాడు. అన్నీ సెప్పేసినాడు.”

“ఎప్పుడు?”

“ఈ జెండాలు మొదలెట్టకముందే.”

ఎవరికీ చెప్పలేదంది. మొదట కత్తిపీట కొంగులో చుట్టుకుని ఆ మనిషి గుమ్మం దాకా వెళ్ళానని చెప్పింది. అతను పిల్లలకు అన్నం కలిపిపెట్టి, తన కంచం ముట్టకుండా గోడకేసి చూస్తూ కూర్చున్నాడట. చూసి వెనక్కి వచ్చేసిందట.

“నాను మొయ్యలేకపోతన్నాను. ఆడూ మొయ్యలేకపోతన్నాడు. గాలికి ఒగ్గేద్దాం,” అంది.

ఘాటీ ఎక్కుతున్న లారీ ఒకటి వాళ్ళను దాటి వెళ్ళింది. అతను గుడ్డను రెండోవైపు తిప్పి, కుంచె రంగులో ముంచాడు.

“పేరు సెప్పప్పా,” అన్నాడు తల ఎత్తకుండా.

“సత్యానందం అని రాయి, బాబూ.”