బారసాల

"తలుపు తియ్యి బిడ్డా! పిలగాన్ని ఏం చేస్తున్నవ్? గంతగనం ఏడుస్తుండు!"

విజయదుర్గ తలుపు తీయగానే ఇంటి ఓనరు అరుణమ్మ ఆమెను తోసుకుని లోపలికొచ్చింది. చాప మీద బోర్లా పడుకోబెట్టిన ఐదు నెలల పసివాడు ఎర్రగా కందిపోయి ఏడుస్తున్నాడు. పక్కగదిలో భర్త మురళీకృష్ణ టీవీలో తెలంగాణ బంద్ వార్తలు చూస్తున్నాడు.

"మెడ నిలబడాలంటే రోజూ ఇలా పడుకోబెట్టాలాంటీ. డౌన్ సిండ్రోమ్ పిల్లలకి ఇప్పట్నుంచే అన్నీ అలవాటు చేయాలట. దిల్‌సుఖ్‌నగర్‌లో థెరపీకి వెళ్దామంటే ఆటోలు లేవు. నేనే చేయిస్తున్నా."

గిలక్కాయ ఊపింది. వాడు తలెత్తలేదు.

అరుణమ్మ చాప పక్కన కూలబడింది. "గదెందుకు? పేరు పెట్టి పిలువు. ఏం పేరు?"

"బారసాల అవలేదాంటీ. బందులు కదా, తెనాలి నుంచి మావాళ్లకి బస్సులు లేక..."

"పోయిన నెల ఎల్‌బీ నగర్ల మీ మరిది పెండ్లికి బస్సు నిండ ఒచ్చిండ్రు గద?"

విజయదుర్గ గొంతు తగ్గించింది. "పుట్టకముందే మామగారి పేరు అనుకున్నాం. వీడి సంగతి తెలిశాక, ఆ పేరు రెండోవాడికి ఉంచుదామన్నారు ఈయన."

"నువ్వేమన్నవ్?"

విజయదుర్గ గిలక్కాయ పక్కన పడేసి, కొడుకు ముఖానికి ఎదురుగా తనూ బోర్లా పడుకుంది.

"త్రినాథ్..."

ఏడుపు ఆగింది. తల వణుకుతూ కాస్త లేచి, మళ్లీ వాలిపోయింది.

"త్రినాథరావూ!" ఈసారి గోడ అవతలికి వినపడేలా పిలిచింది.

పక్కగదిలో టీవీ ఆగిపోయింది.