ఖాళీగా వదిలిన ఫొటో

శ్రీరాంపూర్ బొగ్గుగనిలో రాత్రి షిఫ్టు సైరన్ మోగి ఆగింది. చనిపోయిన తల్లి రిబ్కమ్మ జ్ఞాపకంగా తయారుచేస్తున్న వెబ్ పేజీని హెప్సిబా మళ్లీ తెరిచింది. చూపులేని బాపు మోషే మంచంలో కూర్చుని, ఆ పేజీని ఫోన్‌తో చదివించుకుంటున్నాడు.

పొద్దున ఆయన విసుక్కున్నాడు. "ఏది హెడ్డింగో, ఏది ముచ్చటనో ఎర్కైతలేదు బిడ్డా. అంత ఒక్కతీర్గనే చదువుతుంది."

అక్షరాలు పెద్దవి చేస్తే హెడ్డింగ్ అయిపోతుందనుకుంది హెప్సిబా. ఆ తేడా కళ్లకే తప్ప చెవికి తెలియదు. అందుకే ఇప్పుడు ఏది ఏమిటో ఫోన్‌కు తెలిసేలా, పేరును హెడ్డింగ్ ట్యాగులో, తల్లి కథను ఆర్టికల్ ట్యాగులో సర్దింది. పేరు కింద ఉన్న తల్లి ఫొటోకు మాత్రం, ఫోన్ చదివి వినిపించే వర్ణన రాయబోతే ఏడుపొచ్చి, ఆ చోటు ఖాళీగా వదిలేసింది. ఖాళీగా ఉంటే ఫోన్ ఆ ఫొటోను దాటి పోతుంది.

"హెడ్డింగ్. రిబ్కమ్మ," అని చదివింది ఫోన్. వెంటనే కథ మొదలు కావాలి. కాలేదు.

బాపు నవ్వాడు. "మీ అవ్వ ఆకుపచ్చ చీర కట్టిందని మంచిగ రాసినవ్."

అది పాత నలుపు తెలుపు ఫొటో.

"నేనేం రాయలే బాపూ."

"జర ఆగు, ఇంక చదువుతుంది." ఫోన్‌ను చెవికి ఆనించుకున్నాడు. హెప్సిబాకు గడియారం చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. "తలుపు కాడికొచ్చిందట."

హెప్సిబా వెనక్కి తిరగలేదు. ఆ ఖాళీలో ఒక్క మాట రాస్తే ఇదంతా ఆగిపోతుందేమో. వేళ్లు కీబోర్డు దాకా వెళ్లి, వెనక్కి వచ్చాయి.

బాపు గోడవైపు జరిగి పక్కన జాగా ఇచ్చాడు. మంచం కిర్రుమంది.

కాసేపటికి, మళ్లీ కిర్రుమంది.