జాతర మూడో రోజు

అమెరికాలోని సౌత్ డకోటాలో అది వేలమంది బైకర్లు చేరే జాతర మూడో రోజు. గుండె మార్పిడి కోసం ఏడాదిగా ఎదురుచూస్తున్న మెర్విన్ వరండాలో కూర్చుని, హెల్మెట్ లేకుండా వెళ్ళే ప్రతివాడి మీదా కేకలేస్తున్నాడు.

"తలకాయ ఇంట్లో పెట్టొచ్చావట్రా, సన్నాసీ! హెల్మెట్ పెట్టుకో!"

"అరవకు, ఆయాసమొస్తుంది. లోపలికి రా," అంది భార్య ఆర్లీన్.

"ముప్పై ఏళ్ళు బండి నడిపాను. ఎంతమంది స్నేహితుల్ని రోడ్డు మీంచి ఎత్తామో నీకేం తెలుసు?"

లోపల ఫోన్ మోగింది. ఆర్లీన్ మాట్లాడి, పరుగున వచ్చింది.

"గుండె దొరికిందట. వెంటనే బయల్దేరమన్నారు."

"ఎవరిది?"

"చెప్పరు."

మెర్విన్ రోడ్డు వైపు చూసి, ముఖం కప్పుకుని ఏడ్చాడు.

ఆర్లీన్ ఏడవలేదు. మూడు రోజులుగా, హెల్మెట్ లేని తల కనబడ్డప్పుడల్లా ఆమెకు ఆశ పుడుతూనే ఉంది.