నీళ్ల సాన

“నాలుగు ఉలులకు పదును పెట్టుకొచ్చేటందుకు పొద్దంత గావాల్నా?”

మొగిలమ్మ గడపలోనే నిలేసింది. వెంకట్రాజం ఉలుల సంచిని గోడమూలన పెట్టి, కాళ్లు కడుక్కొని, అప్పుడు జవాబిచ్చాడు.

“మందెక్కువున్నరు మొగిలీ. నీళ్ల మిషను గద, నిమ్మళంగ అరుగుతది.”

“మనింట్ల సానరాయి లేదా?”

“పొడిరాయి మీద ఉక్కు కాలిపోతాంది. నీలిరంగు తిరిగితే ఇగ పదును నిలువది.”

“ఇరువై ఏండ్ల సంది కాలని ఉక్కు ఇప్పుడే కాలవట్టెనా?”

వెంకట్రాజం లోపలికి పోయాడు.

గిర్మాజీపేటలో, చెక్కను తిప్పుతూ చెక్కే ఖరాదు పనికి అతను పెట్టింది పేరు. మంచం కోళ్లు గానీ, తొట్టెల గుబ్బలు గానీ, అతను ఉలి ఆనించాడంటే చెక్క సుళ్లు సుళ్లుగా రాలాల్సిందే. ఆ ఉలుల మీద ఇంకొకరి చేయి పడనిచ్చేవాడు కాదు. అలాంటివాడు ఎండాకాలం మొదలైనప్పటి నుంచి మట్టెవాడ బాట పట్టాడు. మట్టెవాడలో సమ్మమ్మ ఉంది.

సమ్మమ్మ భర్త కువైట్‌లో వడ్రంగం చేసి, వస్తూ వస్తూ ఒక సాన మిషను తెచ్చాడు. రాయి సగం నీళ్లలో మునిగి తిరుగుతుంది. ఉలి వాలు తప్పకుండా పట్టి ఉంచడానికి ఇనుప బిగింపులు ఉంటాయి. అతను పోయాక ఆ మిషనే సమ్మమ్మకు బతుకుదెరువైంది. ఊళ్లో వడ్రంగులంతా ఆమె దగ్గరికే పోతారు. అయితే మొగిలమ్మ మనసులో మెదిలేది మిషను కాదు. సమ్మమ్మకు ముప్పై దాటలేదు. నవ్వితే బుగ్గన సొట్ట పడుతుంది.

“సైకిలుండంగ రిక్షాల పోతాండటగదనే నీ మొగడు!” అంది బోరింగు దగ్గర పక్కింటి రాజక్క. “నిన్న చౌరస్తాల ఎదురువడితే పలకరియ్యనన్న లేదు. పక్కపొంటే పోయిండు.”

“తప్పు జేసినోడు ఏ మొకంతోని పలకరిస్తడు?” అంది మొగిలమ్మ. బిందె నిండి పొర్లిపోతున్నా చూసుకోలేదు.

ఆ సాయంత్రం పెట్టె అడుగున దాచుకున్న చిలకపచ్చ చీర తీసి కట్టుకుంది. తలలో మల్లెపూలు తురుముకుంది. అన్నం వడ్డించి అతని ఎదురుగానే కూర్చుంది.

“మల్లెపూలా? మంచిగున్నయి,” అన్నాడు వెంకట్రాజం.

“గంతేనా?”

“ఇంకేంది?”

చీర ఊసే ఎత్తలేదు. ఆమె గోడవైపు తిరిగి పడుకుంది. మట్టెవాడలో సమ్మమ్మ ఏ చీర కట్టినా మురిసిపోతాడు కాబోలు అనుకుంది.

మర్నాడు అతని రిక్షా మలుపు తిరగగానే, అదే చిలకపచ్చ చీర కొంగు బొడ్డున దోపుకొని మొగిలమ్మ బయలుదేరింది. ఇవ్వాళ అటో ఇటో తేలిపోవాలి. ఆమె మట్టెవాడ చేరేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. సమ్మమ్మ రేకుల కొట్టం తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. చెప్పులు బయటే విడిచి, గాజులు చప్పుడు కాకుండా పైకి తోసుకొని, తలుపు పక్కన నక్కింది.

రాయి నీళ్లలో తిరుగుతోంది. నిప్పురవ్వలు లేవు, కీచుమనే చప్పుడూ లేదు. బిగింపులో ఉలి ఉంది. ఉలి మీద వెంకట్రాజం చేయి. అతని చేయి మీద సమ్మమ్మ చేయి!

“గట్టిగ ఒత్తకు. వాలు సంగతి బిగింపు జూసుకుంటది. నువ్వు ఊకె అటిటు జరుపు,” అంది సమ్మమ్మ.

వెంకట్రాజం ఉలి బయటికి తీసి, అంచును బొటనవేలితో తడిమి నవ్వాడు. తనను చూసి అలా నవ్వి ఎన్నాళ్లయిందో!

“మొగిలక్కకు చెప్పినవా?”

“ఇంక లేదు. ఇది జర చేతికి రానీ, అప్పుడు చెప్త. ఇప్పుడే తెలిస్తే తట్టుకోలేదది.”

“ఇంకెన్నొద్దులు దాస్తవు?”

ఇక ఆగడం మొగిలమ్మ వల్ల కాలేదు. ఒక్క అడుగులో లోపలికొచ్చి, నడుం మీద చేతులు పెట్టుకొని వాళ్ల ముందు నిలబడింది. తలుపులోంచి పడుతున్న ఎండలో చిలకపచ్చ చీర ధగధగలాడింది. సమ్మమ్మ చప్పున చేయి వెనక్కి తీసుకొని మిషను ఆపింది.

వెంకట్రాజం తల ఎత్తాడు. మొగిలమ్మ పళ్లు బిగించి, అతను ఎప్పుడు వణుకుతాడా అని ఎదురుచూసింది. అతను వణకలేదు, లేవలేదు. ఆమె ముఖంలోకే సూటిగా చూశాడు. పెదాల మీద ఆ నవ్వు అలాగే ఉంది.

“ఎవలు వచ్చిండ్లు, చెల్లే?” అని అడిగాడు.