దొడ్డి దాటిన ఆవిరి

గేదెల మందకు పెద్ద కాటుకమ్మ. దొడ్డి మూలన కొండలా పెరిగిన పేడకుప్పను చూసుకుని ఆమె మురిసిపోయేది. ఆ కుప్పకు పైన, చూరులో, ఒక పిచ్చుక గూడు కట్టుకుని, గుడ్డు పొదిగి పిల్లను చేసింది.

"అత్తా, ఈ ఘాటుకు నా పిల్ల కళ్ళు తెరవలేకపోతోంది. ఊపిరి కూడా సరిగ్గా ఆడటం లేదు," అంది పిచ్చుక ఒకరోజు.

"పాడి ఉన్నచోట ఆ మాత్రం వాసన ఉండదా? అలవాటు చేసుకోండి," అంది కాటుకమ్మ నెమరు ఆపకుండానే.

మర్నాడు పొద్దున్న బాగా చలి. కప్పు సందులోంచి ఎండ పడగానే, కుప్ప మీంచి లేస్తున్న ఆవిరి కాటుకమ్మకు మొదటిసారి స్పష్టంగా కనిపించింది. అది మెలికలు తిరుగుతూ సరాసరి గూట్లోకి పోతోంది. లోపల పిల్ల ఊపిరాడక ఎగపోస్తోంది.

కాటుకమ్మ ఒక్క ఉదుటున లేచి కొమ్ములతో దొడ్డి తడికను పడదోసింది. గాలి దూసుకొచ్చింది. ఆవిరంతా పక్కకు తిరిగి, ఏదో పెద్ద జంతువు కదిలినట్టు బయటికి నడిచింది. ఆమె నోరు తెరుచుకుని చూస్తుండగానే దొడ్డి పక్కనున్న వాగు దాటి, అవతల మేస్తున్న మేకల మందను కమ్మేసింది. మేకలు దగ్గడం మొదలుపెట్టాయి.

"దొడ్డి దాటితే పోయినట్టే అనుకున్నానే!" అని గొణిగి, మందను కేకేసింది. "రండర్రా, కుప్పను చేలోకి తోసి మట్టిలో కలిపి తొక్కుదాం!"

సాయంత్రానికి ఆ మూల ఖాళీ అయింది. పిచ్చుక పిల్ల కళ్ళు విప్పింది.

"అమ్మా, అంత పెద్దగా ఉంది, అదేంటి?"

"ఆకాశం, నాన్నా."

ఇన్నాళ్ళూ కుప్పనే చూసి మురిసిన కాటుకమ్మ కూడా తల పైకెత్తింది. చీకటి పడేదాకా అలాగే నిలబడిపోయింది.